సోమవారం పొద్దుటికి సీటు వెనక్కి: ఈకోలో మూడు సైకిళ్లు

జనవరి 5, ఆదివారం

మన దగ్గర బైక్ అంటే పెట్రోలు పోసి నడిపేదే. ఈ డైరీ మాత్రం తొక్కే సైకిళ్ల గురించి. మొత్తం మూడు. నా ఎంటీబీ (అంటే మౌంటెన్ బైక్, 29 అంగుళాల చక్రాలు), స్నేహితుడి ఎంటీబీ, మేనల్లుడి 24 అంగుళాల గేర్ల సైకిలు. ఆదివారం తెల్లవారుజామున ఈ మూడింటినీ హైదరాబాదులో నాగోలు నుంచి నార్సింగి చేర్చాలి, మళ్లీ తేవాలి.

నార్సింగి ఎందుకంటే సైకిల్ ట్రాక్ అక్కడుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసి 2023 అక్టోబరులో తెరిచారు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కి.మీ., నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5 కి.మీ. ఆ పక్క ఇళ్లున్నవాళ్లు పాల ప్యాకెట్ కోసం వెళ్లినంత తేలిగ్గా వెళ్లొస్తారు. మేమేమో ఊరికి తూర్పు కొసన ఉన్నాం. ఎల్బీనగర్, మెహిదీపట్నం మీదుగా లారీల మధ్య తొక్కుకుంటూ పోతే అక్కడికి చేరేసరికే సరదా తీరిపోతుంది. పదకొండేళ్ల పిల్లాణ్ణి ఆ రోడ్లమీద తొక్కించే ధైర్యం నాకు లేదు.

బండి ఉంది. మారుతి ఈకో వ్యాను, ఐదు సీట్లది. కాకపోతే అది మా బావది. ఆయనకు టిఫిన్ సెంటరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అందులో కూరగాయలు తెస్తాడు. ఎనిమిదింటికి అదే బండిలో నలుగురు పిల్లలు బడికి వెళ్తారు. అడిగితే కాదనలేదు గానీ షరతు పెట్టాడు.

"తీస్కపో బామ్మర్ది, నాకేంది. గాని సోమారం పొద్దుగాల నాలుగింటికి సీటు సీటులెక్కనే ఉండాలె. పోరగాండ్లను టమాటల మీద కూసోపెట్టాల్నా ఏంది? ఇంగ బండికి ఒక్క బొక్క పడ్డా మీ అక్కకు నువ్వే చెప్పుకోవాలె."

బొక్క పెట్టొద్దన్న మాట నాకూ మంచిదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కాబట్టి కోయడం, వెల్డింగ్ చేయడం, బాడీకి డ్రిల్లు పెట్టడం మొదటి రోజే కొట్టేశాను. ఏం చేసినా ఆదివారం రాత్రి ఊడి బయటికి రావాలి.

వెనక తలుపుకు బెల్టులతో వేలాడదీసే స్టాండు ఆలోచించాను. నంబరు ప్లేటు, వెనక లైట్లు రెండూ కనపడవు. ట్రాఫిక్ పోలీసుకు ఎదురెళ్లి చలాను రాయించుకున్నట్టే. టాప్ మీద పెడదామంటే ఈకోనే ఆరడుగుల ఎత్తు. దానిమీద సైకిలుతో మా అపార్టుమెంటు సెల్లారులోకి ఒక్కరోజు మరిచిపోయి దూరితే చాలు. టీ కోసం ఆగినచోట కాపలా ఇంకో తలనొప్పి. కాబట్టి లోపలే.

జనవరి 12, ఆదివారం

బండి లేదు. పండక్కి ఊరెళ్లింది. పంతంగి టోల్‌గేటు దగ్గర వరసలో ఉన్నామని అక్క నిన్న ఫోటో పంపింది. ముందు పది బండ్లు, వెనక లోకమంతా.

ఖాళీగా ఉండలేక సైకిళ్లు కొలిచాను. నా ఎంటీబీ టైరు కొస నుంచి టైరు కొస దాకా 1,890 మి.మీ. ముందు చక్రం తీసేస్తే, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) కొస నుంచి వెనక టైరు దాకా 1,520. హ్యాండిల్ వెడల్పు 740. స్నేహితుడిది ఇంచుమించు అంతే. పండగ ముందు బండిలో టేపు పెట్టి చూసినప్పుడు ముందు సీట్ల వెనక నుంచి డిక్కీ తలుపు దాకా 1,750 వచ్చింది. అంటే చక్రం తీయక తప్పదు. తీస్తే మాత్రం ఒక జానెడు మిగులుతుంది.

వెడల్పే చిక్కు. రెండు హ్యాండిళ్లు పక్కపక్కన పెడితే 1,480. బండి మొత్తం బయటి వెడల్పే 1,475. కాబట్టి హ్యాండిళ్లు ఒకదాని వెనక ఒకటి రావాలి. ఒక సైకిలు ముందుకు, రెండోది ఒక జానెడు వెనక్కి. పిల్లాడిది మధ్యలో, తల డిక్కీ వైపు తిప్పి. కాగితం మీద గీస్తే సరిపోయింది. కాగితం మీద అన్నీ సరిపోతాయి.

జనవరి 19, ఆదివారం

ఈరోజు పనంతా సీటుతోనే. వెనక బెంచీ సీటు బోల్టులు తీయడానికి పానా పట్టుకుని కూర్చుంటే మొదటిది గంట తీసుకుంది. ఏళ్ల తరబడి కారిన సాంబారు నీళ్లు, ఉల్లిపొట్టు, మట్టి అన్నీ కలిసి త్రెడ్డులో సిమెంటయ్యాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి, టీ తాగొచ్చి, మళ్లీ తిప్పితే కిర్రుమని వదిలింది. మిగతావి తేలికే. సీటు బరువు చూస్తే ఇద్దరు పట్టాలి. ఒక్కడినే లాగి నడుము పట్టించుకున్నాను. సీటు కింద దొరికినవి: రెండు పెన్సిళ్లు, ఒక ఐదు రూపాయల బిళ్ల, ఎండిపోయిన కరివేపాకు రెమ్మ.

ఆలోచన ఇదీ: నేలమీద ప్లైవుడ్ పలక పరిచి, సీటు బోల్టులు దిగే కన్నాల్లోనే దాన్ని బిగించాలి. అవి కంపెనీ పెట్టినవి, కొత్తగా మనం చేసేదేమీ లేదు. పైగా మనుషులు కూర్చునే సీటునే పట్టి ఉంచినవి, సైకిళ్లకు ఆగవా?

పలక మందం కలుస్తుంది కాబట్టి కొంచెం పొడవు బోల్టులు కావాలి. నిన్ననే తెలివిగా రాణిగంజ్ వెళ్లి 10 మి.మీ. బోల్టులు తెచ్చిపెట్టుకున్నాను. రెండు చుట్లు తిరిగి పట్టేసింది. ఇంకో చుట్టు బలవంతంగా తిప్పి ఉంటే బండి త్రెడ్డే పోయేది. అప్పుడు బొక్క సంగతి అక్కకు నేనే చెప్పుకోవాల్సి వచ్చేది. బయటికి తీసి పాత బోల్టు పక్కన పెట్టి చూస్తే కళ్లకే తెలుస్తోంది, పాతదాని త్రెడ్డు సన్నం. షాపులో 10 మి.మీ. బోల్టు అంటే 1.5 మి.మీ. పిచ్ (త్రెడ్డు గీతల మధ్య దూరం) ఇస్తారు. ఈ బండిలో ఉన్నది 1.25. అసలు బోల్టు జేబులో వేసుకుని వెళ్లి ఉంటే ఒక ట్రిప్పు పెట్రోలు మిగిలేది.

మిగిలిన పొద్దు అట్ట కోయడంతో సరిపోయింది. ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి నేలమీద పరిచి, చక్రాల గూళ్ల వంపులు చేత్తో నొక్కి ముద్ర వేసి, కత్తెరతో కొద్దికొద్దిగా చెక్కాను. మూడో అట్టకు కుదిరింది. ముందు సీట్ల వెనక నాలుగు అంగుళాలు వదిలాను. ఈకోకు ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటు లేపితే గానీ మెకానిక్‌కు చెయ్యి దూరదు. ఆ సీటుకు నా పలక అడ్డం రాకూడదు.

రాత్రి సీటు బిగించి బండి అప్పగించాను. బోల్టులకు గ్రీజు రాసే బిగించాను ఈసారి.

జనవరి 26, ఆదివారం

షాపులు మూసుంటాయని నిన్ననే ప్లైవుడ్ తెచ్చాను. 8 బై 4 షీటు, 12 మి.మీ., నీటిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం. షాపాయన మెరైన్ ప్లై తీసుకోమని గట్టిగా చెప్పాడు. పడవ కడుతున్నానా ఏమిటి? వానాకాలం తడి చక్రాలు లోపలికి వస్తాయి నిజమే, దానికి అంచులకు రెండు పూతల వార్నిష్ చాలు. 19 మి.మీ. తీసుకుంటే ఇంకా గట్టిగా ఉండేది, కానీ నేను దీన్ని ప్రతి శనివారం రెండో అంతస్తు నుంచి మోయాలి.

మా వీధి వడ్రంగి మేస్త్రి అట్టను చూసి నవ్వాడు. "ఏందన్నా, బండికి లంగా కుట్టిస్తున్నవా?" అన్నాడు. కానీ ఆ అట్ట మీదే పెన్సిలు తిప్పి, జిగ్‌సాతో పావుగంటలో కోసిచ్చాడు. నేను ఒకటే పలక చేద్దామనుకున్నాను. బరువు చూశాక ఆయనే అన్నాడు, మధ్యలో కోసి పియానో కబ్జా (పొడవాటి కీలు) వేద్దామని. పుస్తకంలా మడుస్తుంది. మొత్తం 16 కిలోలు. మడిచి చంకలో పెట్టుకుంటే ఒక్కడిని మెట్లెక్కగలను. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన సంగతి ఈ కబ్జానే, అది నా బుర్రలో పుట్టింది కాదు.

పలక కింద పాత రబ్బరు మ్యాటు వేశాను. అది లేకుండా బండి కదిపి చూస్తే రేకుమీద చెక్క గలగల. స్పీడ్ బ్రేకరు ఎక్కితే డప్పు కొట్టినట్టుంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ వారం ఫోర్కును పట్టుకునే బిగింపు. ఆన్‌లైన్‌లో అల్యూమినియంవి దొరుకుతాయి. కానీ సైకిలు ముందు చక్రం నడిమధ్యన ఉండే హబ్బు చేసే పని కూడా ఫోర్కును పట్టుకోవడమే కదా. పాత హబ్బు తెచ్చి చెక్క దిమ్మమీద పడుకోబెట్టి రెండు పక్కలా ఇనుప పట్టీలతో బిగిస్తే అయిపోతుంది.

సైకిల్ షాపులో పాతసామాన్ల డబ్బాలో వెతికి ఒక హబ్బు ఏరుకొచ్చాను. ఊచలు కోసేసి, దిమ్మకు బిగించి, ఫోర్కు దించితే వదులు. మామూలు నల్ల సైకిలు హబ్బు అది, నా టేపుకు 92 మి.మీ. వచ్చింది. గేర్ల సైకిలు ఫోర్కుకు 100 కావాలి. నట్లు బిగిస్తే ఫోర్కు కాళ్లు దగ్గరికి వంగడం కంటికి కనపడింది. వెంటనే వదిలేశాను. మళ్లీ షాపుకెళ్లి, క్విక్ రిలీజ్ ఉన్న హబ్బులు రెండు అడిగి తెచ్చాను. ఇవి 100 మి.మీ., గడియ తిప్పితే చాలు, పానా అక్కర్లేదు. ఒకటి నాకు, ఒకటి మేనల్లుడికి.

స్నేహితుడి సైకిలుకు ఈ పద్ధతి పనికిరాదు. వాడిది లావు ఇరుసు, 15 మి.మీ., వెడల్పు 110. దానికి మాత్రం రెడీమేడ్ బిగింపు కొనాల్సి వచ్చింది. ఖరీదైన సైకిలు కొన్నవాడు ఆ ఖర్చు కూడా పెట్టుకోవాలి, పెట్టించాను.

దిమ్మ ఎత్తు మూడంగుళాలు. ముందు చక్రం తీసి ఫోర్కు కిందికి దించితే సైకిలు ముక్కు కిందికి వంగుతుంది, దానితోపాటు పెడళ్ల దగ్గరి భాగమూ దిగుతుంది. దిమ్మ ఉన్నా కిందికి తిరిగిన పెడలు పలకకు తగులుతోంది. కాబట్టి ఎక్కించేటప్పుడు పెడళ్లు నేలకు సమాంతరంగా ఉండాలి. దిమ్మలను స్క్రూలతో కాకుండా పలక కింది నుంచి బోల్టులు పైకి తెచ్చి, వెడల్పు వాషర్లు వేసి బిగించాను. స్క్రూ ప్లైవుడ్ పొరల్లో ఎంతకాలం నిలుస్తుందో మా వంటింటి అల్మారా తలుపును అడిగితే చెబుతుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మొదటిసారి అన్నీ ఎక్కించే రోజు. ఎక్కలేదు.

ఫోర్కు ముందుపెట్టి లోపలికి తోస్తే సైకిలు సగం దాకా జారుకుంటూ వెళ్లింది. తర్వాత సైకిలు సీటు ఠక్కున డిక్కీ ద్వారం పై అంచుకు తగిలింది. మూడు వేళ్ల తేడా. లోపల పైకప్పు దాకా ఎత్తు కొలిచాను, అక్కడ బోలెడు చోటుంది. ద్వారం ఎత్తు కొలవలేదు. దానికితోడు రబ్బరు మ్యాటు, పలక కలిపి నేలను కాస్త పైకి లేపాయి. బావ పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఇంటికి దర్వాజ పెట్టినంక బీరువ కొన్నట్టుంది" అన్నాడు. ఏమనగలను?

సీటు గొట్టం కిందికి దించితే లోపలికి వెళ్లింది. ప్రతిసారీ నా ఎత్తుకు మళ్లీ వెతుక్కోకుండా గొట్టం మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాను. అది నా గుర్తు. స్నేహితుడి సైకిలుకు మీట నొక్కితే సీటు దానంతటదే దిగుతుంది. ఈ ఒక్క విషయంలో వాడి ఖర్చు కలిసొచ్చింది.

తర్వాత కాలనీ వెనక ఖాళీ రోడ్డు మీద బ్రేకు పరీక్ష. 40 దాకా తీసుకెళ్లి గట్టిగా నొక్కాను. ఫోర్కు బిగింపులు అంగుళం కూడా కదల్లేదు. సంబరపడి మలుపు తిప్పాను. వెనక నుంచి ధడేల్. నా సైకిలు వెనక చక్రం పక్కకు జారి, సైకిలు మొత్తం ఒరిగి అద్దానికి ఆనుకుంది. అద్దం పగల్లేదు, నా అదృష్టం. ముందు ఎంత గట్టిగా పట్టినా వెనక వదిలేస్తే సైకిలు తలుపులా తిరుగుతుందని అప్పుడు అర్థమైంది. పద్నాలుగు కిలోల ఇనుము మన వీపు వెనక అలా ఊగుతుండగా ఔటర్ మీద వెళ్లడం ఊహించుకుంటే చెమట పట్టింది.

సాయంత్రం మేస్త్రి దగ్గర రీపరు ముక్కలు (సన్నటి చెక్క పట్టీలు) తెచ్చి, ఒక్కో వెనక చక్రానికి రెండు రీపర్ల మధ్య కాలువలా చేశాను. చక్రం అందులో కూర్చుంటుంది. పైన చక్రానికీ పలకకూ కలిపి వెల్క్రో పట్టీ. ఇవికాక మూడు సైకిళ్ల ఫ్రేములనూ కలిపి, మీట ఆడిస్తే బిగుసుకునే రాచెట్ బెల్టు ఒకటి, దాని రెండు కొసలూ సీటు బోల్టుల దగ్గర బిగించిన కొక్కేలకు. మళ్లీ అదే మలుపు, అదే వేగం. ఈసారి వెనక నుంచి చప్పుడు లేదు.

ఇంతలో మేనల్లుడు ఒక పని చేశాడు. చక్రం తీసి ఉండగా నా సైకిలు ముందు బ్రేకు మీట నొక్కాడు, ఒకసారి కాదు. హైడ్రాలిక్ డిస్కు బ్రేకు అది. మధ్యలో పళ్లెం లేనప్పుడు నొక్కితే రెండు ప్యాడ్లూ దగ్గరకొచ్చి అక్కడే ఉండిపోతాయి, చక్రం మళ్లీ దూరదు. "మామా, నేనేం చెయ్యలేదు, ఊరికే పట్టుకున్న" అంటాడు. ప్లాస్టిక్ టైరు లీవరుతో మెల్లగా ప్యాడ్లను వెనక్కి నెట్టడానికి ఇరవై నిమిషాలు. గడువు తీరిన ఏటీఎం కార్డును మధ్యకు మడిచి ఇప్పుడు ఆ సందులో పెడుతున్నాను, ఇంచుమించు పళ్లెం మందం వస్తుంది. బ్యాంకు కార్డుకు ఇంత పనికొచ్చే రెండో జన్మ ఉంటుందనుకోలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు బండి చేతికొచ్చింది, కొత్తిమీర వాసనతో సహా. సీటు తీయడం, పలక పరచడం, బిగించడం మొత్తం 25 నిమిషాలు. పొద్దున నాలుగున్నరకు సైకిళ్లు ఎక్కించడానికి ఇంకో పావుగంట. విడిచిన మూడు చక్రాలను అమ్మ పాత నూలుచీర మధ్యలో చుట్టుకుంటూ డ్రైవరు సీటు వెనక నిలబెట్టాను.

ఎక్కించాక అసలు సందేహం వచ్చింది. ముగ్గురం, ఉన్నవి ముందు రెండు సీట్లు. ఇన్ని వారాలు సైకిళ్లనే కొలిచాను గానీ మనుషులను లెక్కేయలేదు. వెనక పలకమీద పిల్లాణ్ణి కూర్చోబెట్టే ప్రశ్నే లేదు, అక్కడ బెల్టు లేదు, పక్కనే ఇనుము. స్నేహితుడు తన స్కూటరు మీద ఊరి మధ్యగా వచ్చాడు. ఔటర్ మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి వాడికి ఆ దారే గతి. వాడి సైకిలు మాత్రం మాతో దర్జాగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటరెక్కి వచ్చింది. వాడింకా దానికే నన్ను దెప్పుతున్నాడు.

బండిని ఎడమ వరసలో 80 దాటనివ్వలేదు. శంషాబాద్ దాటేదాకా చీకటే. ప్రతి ఐదు నిమిషాలకూ మేనల్లుడు వెనక్కి తిరిగి చూసి "ఉన్నయ్ మామా" అని చెబుతూ వచ్చాడు. ఒకచోట కిర్రు కిర్రుమని శబ్దం. ఆపి చూస్తే రాచెట్ బెల్టు తోక తలుపు సందులో ఇరుక్కుని గాలికి కొట్టుకుంటోంది. ముడివేశాను.

ట్రాక్ మీద మేనల్లుడు ఆగకుండా తొక్కాడు. స్నేహితుడు, నేను వెనకబడ్డాం. దాని గురించి ఇంతకంటే రాయను, ఇది బండి డైరీ.

తిరిగొచ్చి సాయంత్రం విప్పేటప్పుడు ఒక దిమ్మ బోల్టు పావు చుట్టు వదులైంది కనపడింది. వచ్చే వారం అదురుకు వదులవని నైలాక్ నట్లు వేయాలి. మిగతాదంతా బాగానే ఉంది. ప్లైవుడ్, కబ్జా, బోల్టులు, హబ్బులు, బెల్టులు, మేస్త్రి కూలీ కలిపి ఆరు వేలు దాటింది. పనికిరాని బోల్టులు, నల్ల సైకిలు హబ్బు కూడా ఆ లెక్కలోనివే.

ఫిబ్రవరి 17, సోమవారం

నిన్న రాత్రి ఒళ్లు హూనమై, దిమ్మలు, రీపర్లు ఊడదీశాను గానీ పలక మోయలేకపోయాను. మడిచి డిక్కీ భాగంలో పడేసి, వెనక సీటు బిగించి, బండి అప్పగించి పడుకున్నాను. పొద్దున తీసుకుందామనుకున్నాను.

ఏడింటికి బావ ఫోను. తిట్టడానికే అనుకుని ఎత్తాను.

"ఈ చెక్క ఏం పెట్టి చేసినవ్ బామ్మర్ది? టమాట డబ్బాలు ఒక్కటి గూడ జరగలే. ఎప్పుడు మూల తిరిగినా సగం కింద పడేటివి. దీన్ని ఉండనీ."

"బావా, అది ఆదివారానికి కావాలి నాకు."

"ఆదివారం నువ్వు తీస్కో. సోమారం పొద్దుగాల నాలుగింటికి మాత్రం చెక్క చెక్కలెక్కనే ఉండాలె."

కోయగా మిగిలిన ముక్క ఇంట్లో ఉంది. కొలిచాను. సీటు వెనక చోటుకు అడుగు తక్కువ.